టిక్కులు ముందే పడ్డాయి.. సంతకం మీరు చేస్తారా?

నంద్యాలలో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో మీకు సూపర్‌వైజర్ ఉద్యోగం వచ్చిందనుకోండి. డిగ్రీ ఏదైనా ఫర్వాలేదు, కంప్యూటర్ వస్తే చాలన్నారు. మొదటి రోజే మీ ముందు ఒక షీటు పెడతారు. టైర్లు ఓకే, బ్రేకులు ఓకే, లైట్లు ఓకే. టిక్కులన్నీ ముందే పడి ఉంటాయి, కింద మీ సంతకం ఒక్కటే బాకీ. లోడెక్కిన బండి గేటు దగ్గర స్టార్ట్ చేసి ఉంది. చేస్తారా?

చాలామంది చేసేస్తారు. ‘ఫార్మాలిటీయే కదా, డ్రైవరన్న చూసుకుంటాడులే’ అనుకుంటారు. డ్రైవరేమో ‘ఆఫీసోళ్లు చూశారుగా’ అనుకుంటాడు. ఓనర్‌ను అడిగితే ‘ఎఫ్‌సీ ఉంది’ అంటాడు. ముగ్గురూ అబద్ధం చెప్పలేదు, కానీ బండిని ఎవరూ చూడలేదు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 190 సరిగ్గా ఇక్కడే పట్టుకుంటుంది. లోపం ఉన్న బండిని నడిపినవారితో పాటు నడిపించినవారు, నడపనిచ్చినవారు కూడా దాని కిందికి వస్తారు. ఆ లోపం మీకు తెలిసే ఉండాలని కూడా లేదు. మామూలు జాగ్రత్తతో చూస్తే కనిపెట్టగలిగిన లోపమైనా చాలు. అంటే ‘నేను చూడలేదు సార్’ అన్న మాట మిమ్మల్ని కాపాడదు. 2019 సవరణ తర్వాత జరిమానా రూ.1,500. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరైనా గాయపడితే మూడు నెలల దాకా జైలు, లేదా రూ.5,000 జరిమానా, లేదా రెండూ. ప్రాణమే పోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 ఉంది. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే అయిదేళ్ల వరకు శిక్ష పడొచ్చు.

మరి ఎఫ్‌సీ సంగతి? ఎనిమిదేళ్ల లోపు రవాణా వాహనానికి రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. తనిఖీ చేసిన రోజున బండి బాగుందని ఆ కాగితం చెబుతుంది. నిన్న రాత్రి దిగిన గాలి గురించి దానికేం తెలుసు? 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో కాలిపోయి 19 మంది ప్రయాణికులను బలిగొన్న బస్సుకూ ఎఫ్‌సీ గడువు ఉంది. అక్కడ ప్రమాదం బైకుతో మొదలైంది కాబట్టి ఆ కేసు వేరు. కాగితం చూసి ధీమా పడటం గురించే ఇక్కడ చెబుతున్నాను.

నంద్యాల నుంచి గిద్దలూరు వైపు వెళ్లే బండి నల్లమల ఘాట్ దిగాలి. అలాంటి రూటుకు వెళ్లేముందు చూడాల్సినవి చూడటానికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. ఇంజన్ నడిపి ఎయిర్ ట్యాంక్ నిండాక ఆపేసి, బ్రేక్ తొక్కి పట్టుకుని గేజి ముల్లు చూడండి. ముల్లు దిగిపోతుంటే, ఎక్కడో ‘స్స్’ మని వినిపిస్తుంటే ఆ బండి ఘాట్ ఎక్కకూడదు. వీల్ నట్టు చుట్టూ తుప్పు గీతలా కారి ఉంటే అది వదులైందని అనుమానించాలి. వెనుక జంట టైర్లలో లోపలిదానికి గాలి లేకపోయినా బయటికి తెలియదు. బరువంతా రెండోదే మోస్తుంది, వేడెక్కి పగులుతుంది. రాడ్డుతో కొడితే శబ్దంలో తేడా తెలుస్తుందని పాత క్లీనర్లు చెబుతారు. నిజమే, కానీ గేజి పెట్టి చూడటమే నమ్మకం. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదన్నది నిబంధన. బేతంచెర్ల, బనగానపల్లె నుంచి నాపరాళ్లెక్కితే కట్టు తాళ్లు కూడా లాగి చూడాలి. ఆళ్లగడ్డ మీదుగా కడపకు వెళ్లే 40వ జాతీయ రహదారిపై రాత్రి టెయిల్ లైటు, రేడియం స్టిక్కర్లు లేకుండా పక్కన ఆగిన లారీ వెనకొచ్చేవాళ్లకు కనిపించేసరికి ఆలస్యమైపోతుంది.

ఇదంతా డ్రైవర్లకు తెలియక కాదు. అసలు చిక్కు వేరే. ట్రిప్పుకింత అని జీతం ఇస్తే, బండి ఆగిన గంటకు డ్రైవర్‌కు ఏమీ రాదు. ‘టైరు మార్చాలన్నా’ అంటే ‘ఈ ట్రిప్పు కొట్టుకొని రా, చూద్దాం’ అంటారు. రెండోసారి అడిగితే తాళం ఇంకొకరి చేతికి పోతుంది. తనిఖీ బాధ్యత డ్రైవర్‌ది, టైరు కొనే డబ్బు ఓనర్‌ది అయినప్పుడు డ్రైవర్‌ను ఒక్కడినే తిట్టడం అన్యాయం. బండి నిర్వహణ, మరమ్మతులకు సంబంధించిన పనిని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం పనిగంటల్లోనే లెక్కేసింది. 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన వృత్తి భద్రత కోడ్ కూడా అలాగే లెక్కేస్తోంది. ఆ గంటకు కూలి అడగొచ్చని ఎంతమంది డ్రైవర్లకు తెలుసు?

అమెరికాలో డ్రైవర్ లోపం రాసిస్తే, రిపేరు చేశామనో, అవసరం లేదనో కంపెనీ రాతపూర్వకంగా చెప్పాలి. తర్వాత ఆ బండి తీసే డ్రైవర్ ఆ కాగితం చదివి సంతకం పెట్టాకే కదలాలి. బాధ్యత చేతులు మారిన ప్రతిచోటా ఒక సంతకం ఉంటుంది. మన చిన్న ఆఫీసుల్లో అంత పద్ధతి లేకపోవచ్చు. కానీ బండి నంబరు, తేదీ, లోపం, ఒక ఫొటో ఓనర్‌కు వాట్సాప్‌లో పెట్టడానికి మీకెవరి అనుమతీ అక్కర్లేదు. ‘నడపనిచ్చింది’ ఎవరో రేపు తేల్చాల్సి వస్తే ఆ మెసేజే మాట్లాడుతుంది.

మీలో కొందరు హెవీ లైసెన్సుకు వెళ్తారు. దానికి 20 ఏళ్లు నిండాలి, అంతకుముందే ఏడాదిగా లైట్ మోటార్ లైసెన్సు ఉండాలి. కొందరు ఏపీపీఎస్సీ ద్వారా ఏఎంవీఐ పోస్టుకు చదువుతారు. ఎక్కువమంది మాత్రం గోడౌన్లలో, సిమెంటు ఫ్యాక్టరీల డిస్పాచ్ విభాగాల్లో, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లో చేరతారు. ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడగాలా?’ అంటారు కదా, అప్పుడు జీతంతోపాటు ఇదీ అడగండి: “లోపం కనిపిస్తే బండి ఆపే అధికారం నాకుందా సార్? ఆపితే ఆ ట్రిప్పు డబ్బు డ్రైవర్‌కు ఎవరిస్తారు?”