రెండున్నరేళ్ల తోడు

బ్లడ్ క్యాన్సర్ అని డాక్టరు తేల్చిన వారం తిరక్కముందే ఆ ఇంటి గుమ్మం ముందు చెప్పులు పేరుకుంటాయి. ఒకరు యాపిల్స్ తెస్తారు, ఒకరు హార్లిక్స్ సీసా తెస్తారు, ఇంకొకరు ఫలానా ఊళ్లో ఆకు పసరు ఇచ్చే ఆయన ఫోన్ నంబరు పట్టుకొస్తారు. అందరూ రోగి మంచం చుట్టూనే కూర్చుంటారు. దగ్గుతూ వచ్చిన మేనమామను బయటే ఆగమనడానికి ఎవరికీ నోరు రాదు. తెలుగువాళ్ల పరామర్శలో ప్రేమకు లోటుండదు. లుకేమియా వచ్చిన ఇంట్లో మాత్రం ఆ ప్రేమ మంచం దాకా రాకుండా వంటింట్లోనో, ఆస్పత్రి క్యూలోనో ఆగితేనే మేలు.

కారణం ఎముక మజ్జలో ఉంది. మంచి కణాలను జబ్బు అప్పటికే అణిచేసి ఉంటుంది. మిగిలిన కాసినీ కీమోకు పోతాయి. ఇన్ఫెక్షన్లను ఎదుర్కొనే న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరు రక్తంలో 500 కన్నా తగ్గిన రోజుల్లో మామూలు జలుబు కూడా ఐసీయూ దాకా ఈడ్చుకెళ్లగలదు. అప్పుడు థర్మామీటరు 100.4 చూపించిందంటే అర్ధరాత్రయినా ఆస్పత్రికి బయలుదేరాల్సిందే. వెళ్లిన గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కించాలన్నది క్యాన్సర్ వైద్యుల నియమం. మన ఇళ్లలో జరిగేది వేరు. ఒక పారాసెటమాల్ వేసి, నుదుటిమీద తడిగుడ్డ పెట్టి, "పొద్దున్నే చూద్దాంలే" అంటారు. మాత్రకు జ్వరం దిగుతుంది, లోపల ఇన్ఫెక్షన్ తన పని తాను కానిస్తూనే ఉంటుంది. రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే కారు తీసి వచ్చే చుట్టం ఒక్కడున్నా ఆ ఇంటికి కొండంత ధైర్యం.

రక్తం దగ్గర కూడా మన లెక్క తప్పుతుంది. "మేముండగా బయటివాళ్ల రక్తం ఎందుకు" అంటూ అన్నదమ్ములు చొక్కా చేతులు మడుస్తారు. కానీ మున్ముందు మజ్జ మార్పిడి అవసరం కావచ్చనుకునే రోగికి సొంతవాళ్ల రక్తం వద్దంటారు వైద్యులు. ఆ రక్తం మీద రోగి శరీరం ముందే ఎదురు తిరిగితే, రేపు అదే తోబుట్టువు మూలకణాలు ఇచ్చినా నిలవకపోవచ్చు. ఒక్కో తోబుట్టువుకూ పూర్తిగా సరిపోలే అవకాశం నూటికి 25 పాళ్లే. దొరక్క దొరక్క దొరికే దాతను అలా పాడుచేసుకోకూడదు. అన్నదమ్ములు స్నేహితులను, ఆఫీసువాళ్లను, కాలేజీ కుర్రాళ్లను పోగుచేస్తే అదే పెద్ద సాయం. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు కాబట్టి దాతలు వంతులవారీగా కావాలి. ఎస్‌డీపీ (ఒకే దాత నుంచి తీసే ప్లేట్‌లెట్లు) ఇచ్చే మనిషి యంత్రం పక్కన గంటకు పైగా పడుకోవాలి, అంతకుముందు మూడు రోజుల్లో ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదు. 48 గంటలు గడిస్తే అదే మనిషి మళ్లీ ఇవ్వొచ్చు. ఎవరిది ఏ గ్రూపు, ఆఖరిసారి ఎప్పుడిచ్చారు అన్నది ఒక నోటు పుస్తకంలో రాసుకుని, ఆ ఫోన్లన్నీ తానే చేసే పిన్నిగారో బాబాయిగారో ఉంటే తల్లి కాసేపు కన్ను మూస్తుంది.

ఇక బలం మందు. నీరసపడిన పిల్లను చూసి ఎవరో ఒకరు బొప్పాయి ఆకు రసమో, మల్టీవిటమిన్ టానిక్కో పట్టించక మానరు. డెంగీకి పనిచేసిందని చెప్పుకునే ఆ రసం ఎండిపోయిన మజ్జకు చేసేదేమీ లేదు. టానిక్ సంగతి తెలియాలంటే 1940ల నాటి బోస్టన్‌కు వెళ్లాలి. సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లుకేమియా పిల్లలకు ఫోలిక్ యాసిడ్ జాతి మందులు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా ఎగదన్నింది. అయితే ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందు ఇస్తే? అది లెడర్లే ప్రయోగశాల నుంచి వచ్చింది. అక్కడ పరిశోధనలకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమినోప్టెరిన్ అనే ఆ మందు ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగు కనిపించిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. లెడర్లేలోనే తయారైన అదే జాతి మందు మెథోట్రెక్సేట్ నేటికీ లుకేమియా పిల్లల మందుల డబ్బాలో ఉంటుంది. డాక్టరును అడక్కుండా ఫోలిక్ యాసిడ్ ఉన్న టానిక్ పట్టడమంటే సుబ్బారావు మూసిన తలుపును పెరటివైపు నుంచి తీయడమే.

పిల్లల్లో ఎక్కువగా వచ్చే ఏఎల్ఎల్ రకం లుకేమియాకు చికిత్స రెండు నుంచి మూడేళ్లు పడుతుంది. స్టెరాయిడ్ నడిచే వారాల్లో మొహం ఉబ్బుతుంది. ఎనిమిదేళ్ల పిల్లాడు రాత్రి ఒంటిగంటకు లేచి పులిహోర కావాలంటాడు, కలిపి తెచ్చేసరికి కంచం తోసేసి ఏడుస్తాడు. మందు చేసే ఆగమని తెలియని తాతయ్య గారాబం ఎక్కువైందని కోప్పడతాడు. జుట్టు రాలడం మాత్రం మన దగ్గర కాస్త నయం. గుండు చూసి "తిరుపతి వెళ్లొచ్చారా?" అంటారు. ఔననేసి ఊరుకునే తల్లిదండ్రులను తప్పుపట్టాల్సిన పనిలేదు.

కొన్నాళ్లకు జుట్టు వస్తుంది. పిల్లాడు బడికి వెళ్తాడు. చుట్టాలు రావడం మానేస్తారు. అసలు గండం అప్పుడే. ఏడాదికి పైగా రోజూ మెర్‌క్యాప్టోప్యూరిన్, వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్. అమెరికాలో వైద్యురాలు స్మితా భాటియా బృందం మాత్రల సీసా ఎప్పుడెప్పుడు తెరిచారో నమోదు చేసే మూతలు పెట్టి చూసింది. నూటికి 95 మాత్రలైనా వేసుకోని పిల్లల్లో జబ్బు తిరగబెట్టే ముప్పు రెండు రెట్లకు పైనే ఉందని తేలింది. నెలలో రెండు రాత్రులు మరిచిపోతే చాలు, ఆ గీత కిందికి జారినట్టే. వారం మాత్రను పొరపాటున రోజూ వేస్తే ప్రాణానికే ముప్పు. గోడ క్యాలెండర్లో వారంలో ఆ ఒక్క రోజుకు ఎర్రసున్నా చుట్టి, వేసిన ప్రతిసారీ టిక్కు పెట్టే అక్క ఆ ఇంటికి మరో నర్సు.

1993లో 'మాతృదేవోభవ' సినిమా చూసి కొంగు తడుపుకున్న తరానికి బ్లడ్ క్యాన్సర్ అంటే చావే. ఇవాళ సంపన్న దేశాల్లో ఏఎల్ఎల్ వచ్చిన పిల్లల్లో నూటికి దాదాపు 90 మంది బతికి బట్టకడుతున్నారు. మన దేశంలో ఆ అంకె తగ్గడానికి చికిత్స మధ్యలో మానేయడం ఒక పెద్ద కారణం. మానేసేది ప్రేమ లేక కాదు, దారి ఖర్చుల్లేక.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చు విషయంలో మేలు చేసిన పథకమే. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. అయితే ఆ సొమ్ము ఆస్పత్రికి చేరుతుంది. పిల్లను పట్టుకుని ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కో, పాడేరు నుంచి విశాఖకో నెలల తరబడి తిరిగే తండ్రి పోగొట్టుకునే కూలి ఏ లెక్కలోకీ రాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినికి పిల్లల సంరక్షణకు సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవుంది. మిరప చేలో కూలికి పోయే తల్లికి అలాంటి సెలవెక్కడిది?

తోడు వెళ్లే మనిషిని లెక్కలోకి తీసుకోవడం కొత్త విషయమేమీ కాదు. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి రైల్వే స్లీపర్, థర్డ్ ఏసీల్లో పూర్తి రాయితీ ఇస్తుంది, వెంట వెళ్లేవారికి 75 శాతం ఇస్తుంది. 2006లో ముంబైలో మొదలైన సెయింట్ జూడ్ కేంద్రాలు బిడ్డతోపాటు తల్లిదండ్రులకూ గది, వంట చేసుకునే చోటు ఇస్తున్నాయి. శస్త్రచికిత్స తర్వాత కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయల చొప్పున భృతిని ఆంధ్రప్రదేశ్ 2019లోనే మొదలుపెట్టింది. రైల్వేకున్న ఇంగితం ఆరోగ్య పథకాలకు ఎందుకుండకూడదు? లుకేమియా ప్యాకేజీలో వెంట ఉండేవారికి దినభత్యం, బస అని ఒక పద్దు చేర్చాలి. ముందు ఏఎల్ఎల్ పిల్లలతో మొదలుపెట్టొచ్చు. వాళ్ల సంఖ్య ఖజానాకు భారమయ్యేంత లేదు, చికిత్స గడువు ముందే తెలుసు, నయమయ్యే అవకాశమూ ఎక్కువ.