కటౌట్‌ని మోసేదెవరు?

2025 ఆగస్టు 4న ఫిల్మ్‌నగర్‌లో పని ఆగింది. ముప్పై శాతం కూలి పెంచాలి, ఏ రోజు కూలి ఆ రోజే చేతిలో పెట్టాలి అని సినీ కార్మికుల ఫెడరేషన్ సమ్మెకి దిగింది. లైట్లు మోసేవాళ్లు, డ్రైవర్లు, మేకప్ వాళ్లు, సెట్లు వేసేవాళ్లు రాలేదు. అంతే, షూటింగులు ఎక్కడివక్కడ నిలిచాయి. కోట్లు తీసుకునే హీరో తన మొహం మీద లైటు తనే వేసుకోలేడు గదా!

అధికారం మీద లావుపాటి పుస్తకాలు చాలా ఉన్నాయి. పదహారో శతాబ్దంలో ఫ్రాన్సులో లా బొయెతీ అనే కుర్రవాడు వేసిన ప్రశ్న ఒక్కటి చాలు. ఒక్కడు ఇంతమందిని ఎట్లా తొక్కిపట్టగలుగుతున్నాడు? వాడికి బలమిచ్చేది తొక్కుడుపడేవాళ్లేననీ, ఆ బలం ఇవ్వడం మానేస్తే వాణ్ని పడగొట్టే పనే ఉండదనీ అతని జవాబు. ముస్సోలినీ జైల్లో కూర్చుని గ్రాంసీ ఇంకాస్త ముందుకెళ్లాడు. పాలకుడు ఒక్క లాఠీతోనే ఏలడు, పాలితుల ఒప్పుదలతోనూ ఏలతాడు. ఆ ఒప్పుదల బడిలో, ప్రార్థనా మందిరంలో, పత్రికల్లో తయారవుతుందన్నాడు. మన రాష్ట్రాల్లో ఆ జాబితాలో సినిమా హాలుని మొదట రాయాలి. బడిలో పాఠాలు చెప్పేవాళ్లం గనక చూస్తూనే ఉన్నాం, పిల్లల నోటుబుక్కుల మీద ఎవరి బొమ్మలుంటాయో. వాడ కుర్రాళ్లు కూలి డబ్బుల్లోంచి చందాలేసుకుని కటౌట్ నిలబెడతారు, దానికి పాలు పోస్తారు. ఇంట్లో చంటిదానికి పాలున్నాయో లేవో!

ఈ అభిమానం హాలు దగ్గరే ఆగిపోతే ఇంత రాయనక్కర్లేదు. 1982 మార్చి 29న ఎన్.టి. రామారావు పార్టీ పెట్టారు, 1983 జనవరికి ముఖ్యమంత్రి అయ్యారు. తెర మీది దేవుడికి మన వాడల్లోనూ ఓట్లు పడ్డాయి. ఆయన పాలనలోనే 1985 జూలై 17న కారంచేడులో కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. అప్పుడు కారంచేడు దళితులు ఊరు వదిలి చీరాల వచ్చేశారు. రాజీ చేసుకుని మళ్లీ ఆ ఊరి పొలాల్లోకి పోలేదు. ఆ పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది. లా బొయెతీ పేరు వాళ్లలో ఎవరు విన్నారు? ఒప్పుదల వెనక్కి తీసుకోవడమంటే ఏమిటో మాత్రం చేసి చూపించారు.

ఫిల్మ్‌నగర్ కార్మికులూ 18 రోజులు ఆ పనే చేశారు. ఆగస్టు 21న లేబర్ కమిషనర్ దగ్గర రాజీ కుదిరింది. రోజుకి రెండు వేల లోపు కూలి ఉన్నవాళ్లకి మూడేళ్లలో 15, 2.5, 5 శాతం. రెండు వేల నుంచి అయిదు వేల దాకా ఉన్నవాళ్లకి 7.5, 5, 5 శాతం. తక్కువ కూలివాడికి మొదటేడు ఎక్కువ దక్కడం న్యాయమే. అడిగింది మాత్రం ముప్పై.

ఎందుకు తగ్గాల్సొచ్చింది? సమ్మె మధ్యలో నిర్మాతలు, పనొచ్చినవాడెవడైనా రావచ్చు, యూనియన్ కార్డు అక్కర్లేదన్నారు. దెబ్బ ఎక్కడ కొట్టాలో వాళ్లకి తెలుసు. జూబ్లీహిల్స్ కొండ దిగితే కృష్ణానగర్. అక్కడ ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుని పడుకునే కుర్రాళ్లలో కార్డు లేనివాళ్లెందరో. కార్డుకి కట్టాల్సిన సొమ్ము మన పిల్లవాడి అయ్య జన్మలో ఒకసారి చూసి ఉండడు. వాడు పనికి పోతే ద్రోహి అనడం తేలికే. వాణ్ని గేటు బయట నిలబెట్టిన రోజున వాడి ఆకలి ఏ నాయకుడికి పట్టింది? బాబాసాహెబ్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత ఇదే. ప్రతివాడి కాళ్ల కింద ఇంకొకడుంటాడు, అందుకే అందరూ కలిసి పైవాడి మీదికి లేవరు.

ఒప్పందం మూడేళ్లది. అది ముగిసి మళ్లీ బేరానికి కూర్చునే లోపల ఫెడరేషన్ కార్డు రుసుము దించాలి, దాన్ని వాయిదాల్లో కట్టించుకోవాలి. ఏ క్రాఫ్టులో దళితులెందరో, ఆడవాళ్లెందరో లెక్క తీసి గోడకి అంటించాలి. కటౌట్లు కట్టే మన పిల్లలతో మేం విడిగా మాట్లాడతాం, సంక్రాంతి సినిమాలకి చందా పుస్తకం వాడలోకి రాకముందే.