తాళంచెవి లోపలే వుంది

కిందటి ఆదివారం సాయంకాలం నేనూ మా ఆవిడా మా గుమ్మం బయటే నిలబడిపోయాం. మా తలుపు లాగితే చాలు, తాళం దానంతటదే పడుతుంది. దొంగల భయం వుండదని నేనే ముచ్చటపడి పెట్టించాను. తాళంచెవి లోపల బల్ల మీద వుంది. పొయ్యి మీద పాలున్నాయి.

"ఏమండీ, దొంగలు రాకుండా పెట్టించారు, బాగానే వుంది. మనం వెళ్ళటం ఎలాగ?" అన్నది మా ఆవిడ.

జవాబు తోచక, వడ్రంగికి కబురు పెట్టి నిలబడ్డాను. అప్పుడు జ్ఞాపకం వచ్చింది 2021 అక్టోబరు 4. ఆ సోమవారం మన గడియారంలో రాత్రి 9 గంటల 10 నిమిషాలకు ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ మూగపోయాయి. 300 కోట్లకు పైబడిన జనం వాడేవి! పరాయి దేశంలో వున్న మనుమడి ముఖం చూసిగాని నిద్రపోని బామ్మలు మన యిళ్ళల్లో ఎందరో మీకు తెలుసు.

యిలాంటప్పుడు ఎవరికి వారు తమ ఫోనుదే లోపమనుకుంటారు. నవ్వకండి. అమెరికాలో క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ యింజనీర్లూ అలాగే అనుకున్నారు. పేరు చెబితే దాని అంకెల చిరునామా వెతికిపెట్టటం ఆ కంపెనీ చేసే పనుల్లో ఒకటి. ఫేస్‌బుక్ చిరునామా పలకకపోయేసరికి 9 గంటల 21 నిమిషాలకు తమ యంత్రాలనే శంకించి సోదా మొదలుపెట్టారు. జవాబు రాకపోతే జనం గాని, ఫోనులు గాని వూరుకుంటాయా? అడిగిందే అడిగాయి. వాళ్ళ మీద మామూలుకు 30 రెట్లు ప్రశ్నలు వచ్చిపడ్డాయి. చివరికి తేలిందేమంటే, ఫేస్‌బుక్ చిరునామాలు చెప్పే యంత్రాలకు పోయే దారులే మాయమైనాయి!

యింటర్నెట్టు ఒకరి సొత్తు కాదు. వేలాది సంస్థల తీగెలు కలిసిన సంత అది. "మా యింటికి దారి యిదీ" అని ప్రతి సంస్థా యిరుగు పొరుగులకు చాటింపు వేస్తూ వుండాలి. ఆ చాటింపు పద్ధతికి బీజీపీ అని పేరు. ఫేస్‌బుక్ తనంతట తానే ఆ చాటింపు వెనక్కి తీసుకున్నది.

ఎందుకు తీసుకున్నదో మర్నాడు కంపెనీవారే రాశారు. తమ యంత్రశాలలను కలిపే సొంత తీగెలు ఎంత బరువు మోయగలవో చూద్దామని, మరమ్మతు వేళ ఒక ఆజ్ఞ యిచ్చారట. కొండనాలుకకు మందు వేస్తే వున్న నాలుక వూడినట్టు, ఆ ఆజ్ఞతో యంత్రశాలల మధ్య సంబంధమంతా తెగిపోయింది. అటువంటి ఆజ్ఞలను తనిఖీ చేసి ఆపటానికి ఒక కాపలా ప్రోగ్రాము వుంది. లోపం ఆ కాపలాలోనే వుంది. ఆపలేదు.

చిరునామా చెప్పే యంత్రాలు మాత్రం నిక్షేపంగా వున్నాయి. కాని యంత్రశాలతో మాట కలవకపోతే, "లోపం నాలోనే వుంది కాబోలు, యిటు ఎవరూ రాకండి" అని తప్పుకునేటట్టు వాటిని తయారుచేశారు. ఒకటి తప్పుకుంటే మరొకటి అందుకుంటుంది గనుక మామూలు రోజుల్లో అది మంచి బుద్ధే. ఆనాడు అన్నీ ఒకేసారి తప్పుకున్నాయి.

యిక యింజనీర్ల అవస్థ చూడండి. దూరాన్నుంచి లోపలికి పోయే దారి మూసుకుపోయింది. ఆపద్ధర్మంగా పెట్టుకున్న రెండో దారీ పనిచేయలేదు. జబ్బు కనిపెట్టే సాధనాలు చాలావరకు ఆ చిరునామాల మీదనే ఆధారపడినవి, అవీ మూలపడ్డాయి. మనుషులనే యంత్రశాలలకు పంపవలసి వచ్చింది. అక్కడ అంచెలంచెలుగా కాపలా! లోపలికి వెళ్ళినా, ఎదుట నిలబడ్డవాడు సైతం సులభంగా మార్చలేనట్టు కట్టిన యంత్రాలవి. దొంగ కోసం వేసిన గడియలు వైద్యుణ్ణి ఆపాయి.

దారి దొరికాక కూడా తలుపులు బార్లా తెరవలేదు. యంత్రశాలల్లో కరెంటు వాడకం పదుల మెగావాట్ల మేర పడిపోయి వుంది. జనమంతా ఒక్కుమ్మడిగా వచ్చిపడితే విద్యుత్తు సరంజామాకే ముప్పు. అదృష్టవశాత్తు, ఒక యంత్రశాలనో, ఒక ప్రాంతాన్నో కావాలనే ఆపి తిరిగి నడిపే "తుపాను" కసరత్తులు వాళ్ళు చాలాకాలంగా చేస్తున్నారు. తీగెలన్నీ ఒకేసారి తెగే తుపానును మాత్రం ఎన్నడూ వూహించి చూడలేదట. అయినా ఆ అలవాటే ఆదుకున్నది. మనకు రాత్రి రెండున్నర వేళ దారులు మళ్ళీ కనిపించాయి. 2 గంటల 50 నిమిషాలకు చిరునామా పలికింది. ఆ నెలాఖరుకే కంపెనీ మెటా అని పేరు మార్చుకున్నది గాని, దానికీ దీనికీ ముడిపెట్టకండి.

రోజువారీ భద్రత కోసం, ఎప్పుడో ఒకసారి వచ్చే యిలాంటి ఆలస్యాన్ని భరించవచ్చునని వారి అభిప్రాయం. యంత్రాలు గలవారికి అది సబబే. వచ్చే ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే అందుకునే పచ్చళ్ళావిడను అడిగితే ఏమంటుందో!

వడ్రంగి వచ్చేసరికి పాలు మాడి గిన్నె నల్లబడింది. మర్నాడే మా ఆవిడ రెండో తాళంచెవి చేయించి ఎదురింటి పిన్నిగారికి యిచ్చింది. ఆవిడ తలుపూ లాగితే పడే రకమే. ఆవిడ రెండో చెవి మా బల్ల మీద వుంది.