అంబులెన్సు కోసం పంచాయితీ పెట్టొద్దు

మార్టూరు మండల ప్రజలకు విజ్ఞప్తి

పత్తి, మిరప రైతులారా! గ్రానైట్ ఫ్యాక్టరీల్లో, స్పిన్నింగ్ మిల్లుల్లో చెమటోడ్చే కార్మికులారా!

మన మార్టూరు 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. అటు చిలకలూరిపేట, గుంటూరు. ఇటు ఒంగోలు. 108 అంబులెన్సు సేవలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి. బండికి పైసా ఇవ్వక్కర్లేదు. ఇన్ని ఉన్నా కాపాడుకోగలిగిన మనుషుల్ని పోగొట్టుకుంటున్నాం. ఎందుకంటే చాలాసార్లు ఆలస్యం మన వసారాలోనే మొదలవుతోంది.

ఒక్కసారి ఊహించుకోండి. మిరప కల్లంలో కాపలా పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పని లేచాడు. ఒంటి మీద గాటు లేదు. "రాత్రి కూర పడలేదేమో" అని సోడా తాగించారు. కళ్ళు మూతలు పడుతుంటే నిద్ర చాలలేదన్నారు. ఆర్ఎంపీని లేపి సెలైన్ పెట్టించారు. హైదరాబాదులో ఉన్న పెద్దబ్బాయి ఫోనెత్తాక చూద్దామన్నారు. తీరా చూస్తే అది కట్లపాము కాటు. దాని కోరలు చాలా సన్నం, గాటు కనపడకపోవచ్చు, వాపూ రాకపోవచ్చు. రెప్పలు వాలాయంటే విషం నరాలకు ఎక్కిందని అర్థం. ఆ తర్వాత మింగుడు పడదు, ఊపిరి అందదు. ఆ ఇంట్లో ప్రేమకు లోటు లేదు. ఎప్పుడు కదలాలో ముందే అనుకోకపోవడమే లోటు.

అందుకని ఇప్పుడే అనుకుందాం. కింద రాసినవాటిలో ఏ ఒక్కటి కనపడినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

1. ఛాతీ మీద బండ పెట్టినట్టు నొప్పి, చల్లటి చెమటలు, చేతికో దవడకో పాకే లాగుడు. గ్యాసేలే అని కూర్చోవద్దు. మూసుకుపోయిన రక్తనాళం ఎంత త్వరగా తెరిపిస్తే గుండె అంత మిగులుతుంది.

2. మూతి వంకర పోవడం, ఒక పక్క చెయ్యి లేవకపోవడం, మాట ముద్దగా రావడం. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా గడువు నాలుగున్నర గంటలే. ఎన్నింటికి మొదలైందో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి.

3. పాము కాటు, లేదా కాటేమోనన్న అనుమానం. కొయ్యొద్దు, తాడు బిగించొద్దు, పసరు పోయొద్దు. కాలు కదపకుండా తీసుకెళ్ళండి. పామును పట్టుకోవడానికి పరుగులు పెట్టొద్దు. రక్తపింజరి అనుమానమైతే డాక్టర్లు గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు చూస్తారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే.

4. పురుగుమందు. చేలో మందు కొట్టి వచ్చినవాళ్ళకి చూపు మసకబారి, నోట్లో చొంగ, చెమటలు, వాంతులు వస్తే బట్టలు విప్పించి సబ్బుతో ఒళ్ళు కడగండి. తాగినవాళ్ళకి ఉప్పునీళ్ళు పోసి కక్కించొద్దు. మందు డబ్బా వెంట తీసుకెళ్ళండి. కేసవుతుందని దాచొద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూస్తుంది, శిక్షించమనదు.

5. గర్భిణికి ఫిట్స్, రక్తస్రావం. ఎవరికైనా స్పృహ తప్పడం, ఊపిరి ఆడకపోవడం, ఆగని రక్తం. ఇంటి ఆడపడుచుకు ఇలా జరిగితే మగవాళ్ళు పొలం నుంచి వచ్చేదాకా ఆగొద్దు.

మామూలు జ్వరం, దగ్గు, చిన్న గాయం అయితే తెల్లారాక ఆసుపత్రికి వెళ్ళొచ్చు. అలాంటివాటికి 108ని పిలవకపోవడం కూడా ఎవరో ఒకరి ప్రాణం కాపాడటమే.

హైవే మీద ప్రమాదం చూసి తప్పుకుపోయేవాళ్ళకో మాట. సాయం చేసినవారిని కేసుల్లోకి లాగకుండా 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఎ సెక్షన్ చేర్చారు. పేరు చెప్పడం కూడా మీ ఇష్టమే. అత్యవసరంలో వచ్చిన మనిషికి ముందు వైద్యం చేసి తీరాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు రహిత చికిత్స పథకం అమల్లో ఉంది.

"చిన్నదానికి పరుగెత్తితే నవ్విపోతారు" అంటారు. నవ్వనివ్వండి. డాక్టరు చూసి "ఏం లేదు, ఇంటికెళ్ళు" అంటే అంతకన్నా మంచి కబురు ఏముంది?

మేము కోరేవి ఇవే:

ద్రోణాదుల, వలపర్ల, కోలలపూడి, ఇసుకదర్శి, ఇంకా అన్ని ఊళ్ళూ వచ్చే గ్రామసభలో ఈ అయిదు గుర్తుల మీద తీర్మానం చేసి సచివాలయం గోడ మీద రాయించాలి. పురుగుమందుల దుకాణాల్లో, ఫ్యాక్టరీల గేట్ల దగ్గర, కల్లాల దగ్గర అంటించాలి.

ఆర్ఎంపీలు ఈ గుర్తులుంటే సూది పెట్టకుండా ముందు బండిని పిలవాలి. మీ మాటకు ఊళ్ళో విలువుంది. ఆ విలువను ఇక్కడ వాడండి.

వీధికి ఇద్దరు యువకులు, రాత్రిపూట కూడా ఫోనెత్తేవాళ్ళు, బండికి దారి చూపడానికి ముందుకు రావాలి. 108 ఆలస్యమైతే ఎవరి ఆటో, ఎవరి కారు కదలాలో ముందే తేల్చుకోవాలి.

ప్రభుత్వాసుపత్రుల్లో పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఎంత నిల్వ ఉందో బయట బోర్డు మీద రోజూ రాయాలి.

ఈ కాగితంతో వేరుశనక్కాయల పొట్లం కట్టొద్దు. తలుపు లోపలి పక్కన అంటించండి. ఈ రాత్రి అన్నాల దగ్గర ఇంట్లో అందరికీ, పదేళ్ళ పిల్లకూ చెప్పండి: ఈ అయిదింటిలో ఏది కనపడినా 108కి ఫోన్ చెయ్యడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.