వెనక్కి పంపిన కాగితమే కీలకం

నెల్లూరు: 2015 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయం నుంచి పలువురు తెలుగు విద్యార్థులను అమెరికా అధికారులు వెనక్కి పంపారు. అలా తిరిగొచ్చిన వారికి అక్కడ ఉద్యోగం చేసే వారితో వివాహమైతే హెచ్-4 వీసా లభిస్తుందా? కావలి మొదలు ముత్తుకూరు వరకు తీర మండలాల్లో అమెరికా సంబంధం చూసుకునే కుటుంబాలకు ఇది చిన్న ప్రశ్న కాదు.

సమాధానం విమానాశ్రయంలో చేతికిచ్చిన కాగితంలోనే ఉంది. ప్రవేశ దరఖాస్తును స్వయంగా ఉపసంహరించుకున్నట్లు అందులో ఉంటే వీసా రద్దవుతుంది గానీ, నిర్ణీత కాల నిషేధం ఉండదు. 1996 నాటి చట్టం ప్రకారం తక్షణ బహిష్కరణ ఉత్తర్వు ఇచ్చి ఉంటే అయిదేళ్లు, రెండోసారైతే 20 ఏళ్ల నిషేధం వర్తిస్తుంది. ఈలోగా వెళ్లాలంటే ప్రత్యేక అనుమతి కోరాలి. అది ఇవ్వడం అధికారుల విచక్షణ. అబద్ధమాడినట్లు నిర్ధారిస్తే అనర్హత జీవితకాలం ఉంటుంది. మినహాయింపు లభిస్తే తప్ప పెళ్లి వల్ల అది తొలగదు.

అసలు ప్రమాదం దాచిపెట్టడంలో ఉంది. గతంలో ప్రవేశం నిరాకరించారా, దరఖాస్తు ఉపసంహరించుకున్నారా అని వీసా దరఖాస్తు సూటిగానే అడుగుతుంది. ‘లేదు’ అని నింపమనే మధ్యవర్తికి పోయేదేమీ లేదు. వేలిముద్రలతో సహా పాత వివరాలు కాన్సులేట్ అధికారి ముందుంటాయి. కాగితం పోగొట్టుకున్నవారు అమెరికా సమాచార హక్కు చట్టం కింద సరిహద్దు విభాగం నుంచి నకలు కోరవచ్చు.