గంపగుత్త లెక్కే అసలు తంటా

అమెరికా అధ్యక్ష ఎన్నిక యాభై రాష్ట్రాల్లోనూ జరుగుతుంది కానీ, ఫలితం తేలేది కొన్నింటిలోనే. 2024లో అభ్యర్థులు చెమటోడ్చిన స్వింగ్ రాష్ట్రాలు ఏడు: పెన్సిల్వేనియా, జార్జియా, నార్త్ కరోలినా, మిషిగన్, అరిజోనా, విస్కాన్సిన్, నెవాడా. అధ్యక్షుణ్ణి తేల్చే 538 ఎలక్టోరల్ ఓట్లలో వీటి వాటా 93. అందులో పెద్దది 19 ఓట్ల పెన్సిల్వేనియా. అక్కడ 2016లో ట్రంప్ 44 వేల ఓట్ల తేడాతో, 2020లో బైడెన్ 80 వేలతో, 2024లో మళ్లీ ట్రంప్ సుమారు లక్షా 20 వేలతో నెగ్గారు. మూడుసార్లూ అక్కడ గెలిచినవారికే శ్వేతసౌధం దక్కింది. ఈ వైపరీత్యానికి ఎలక్టోరల్ కాలేజీని తిట్టిపోయడం పరిపాటి. అసలు తప్పు రాష్ట్రాలకు బరువు ఇవ్వడంలో లేదు. ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా రాష్ట్రంలోని ఎలక్టర్లందరినీ గంపగుత్తగా కట్టబెట్టడంలో ఉంది. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా 48 రాష్ట్రాలదీ ఇదే దారి.

రాష్ట్రాలకు బరువు ఇవ్వడం, గంపగుత్తగా కట్టబెట్టడం వేర్వేరని తెలుసుకోవడానికి మన రాష్ట్రపతి ఎన్నికను చూస్తే చాలు. అదీ ఎలక్టోరల్ కాలేజీ ద్వారా జరిగేదే. ఎమ్మెల్యే ఓటు విలువ ఆంధ్రప్రదేశ్‌లో 159, తెలంగాణలో 132. రాష్ట్ర జనాభాను బట్టి విలువ మారుతుంది. అయినా శాసనసభలో మెజారిటీ ఎటుంటే రాష్ట్రం విలువంతా అటే జమ కాదు. ఎవరి ఓటు వారు వేసిన అభ్యర్థికే చేరుతుంది. అమెరికాలో అలా కాదు. 2020లో ట్రంప్‌కు అన్ని రాష్ట్రాలకంటే ఎక్కువ ఓట్లు పడింది టెక్సాస్‌లో కాదు, కాలిఫోర్నియాలో. అక్కడ 60 లక్షల మందికి పైగా ఆయనకు ఓటేశారు. వాటికి ప్రతిఫలంగా దక్కిన ఎలక్టర్లు సున్నా.

నష్టం ఓటరు మనస్తాపంతో ఆగదు, విధానాల దాకా పాకుతుంది. పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్ కేంద్రంగా ఉన్న యూఎస్ స్టీల్‌ను సుమారు 1,400 కోట్ల డాలర్లకు కొంటామని జపాన్‌కు చెందిన నిప్పాన్ స్టీల్ 2023 డిసెంబరులో ప్రకటించింది. ఎన్నికల ఏడాదిలో బైడెన్, హారిస్, ట్రంప్ ముగ్గురూ దాన్ని వ్యతిరేకించారు. ఓట్ల వేడి చల్లారాక, 2025 జూన్‌లో, ట్రంప్ ప్రభుత్వమే కొన్ని షరతులతో ఆ కొనుగోలుకు పచ్చజెండా ఊపింది. కార్మికుల ఆందోళన నిజమే కావచ్చు. కానీ ఆ కంపెనీ ఫలితం ముందే తెలిసిన ఏ వ్యోమింగ్‌లోనో ఉంటే ముగ్గురు నేతలు ఒకే మాట మీద నిలిచేవారా? అధికారుల మీద ఒత్తిడి కూడా ఇలాంటి చోటే పేరుకుంటుంది. 2020లో జార్జియా తేడా 11,779. మరుసటి జనవరి 2న ట్రంప్, ఎన్నికలు నిర్వహించే రాష్ట్ర కార్యదర్శి రాఫెన్‌స్పెర్గర్‌కు ఫోన్ చేసి తనకు 11,780 ఓట్లు వెతికిపెట్టమన్నారు. దేశవ్యాప్తంగా 70 లక్షలున్న తేడాను అలా ఫోన్లో చెరిపేయాలని ఎవరికీ తోచదు.

గంపగుత్త పద్ధతిని సమర్థించేవారి మొదటి వాదన, చిన్న రాష్ట్రాలకు ఇదే రక్ష అని. మూడేసి ఓట్ల వ్యోమింగ్, వెర్మాంట్‌ల గడప ఇప్పుడు మాత్రం ఎవరు తొక్కుతున్నారు? ఫలితం ముందే తెలిసిన చోట ప్రచారం దండగ. ఇక రాజ్యాంగ నిర్మాతల సంకల్పం అంటారా, ఎలక్టర్ల నియామక పద్ధతిని రాజ్యాంగం రాష్ట్ర శాసనసభలకే వదిలింది. 1800లో జెఫర్సన్‌కు మేలు చేయడానికి వర్జీనియా జిల్లాల వారీగా ఎలక్టర్లను ఎన్నుకునే పద్ధతి మాని గంపగుత్త దారి పట్టింది. తర్వాత మిగతావీ అదే దారిన నడిచాయి. గట్టి అభ్యంతరం మరొకటుంది: గంపగుత్త మాని ఓట్లను జాతీయ స్థాయిలో లెక్కిస్తే, పోటీ హోరాహోరీ అయినప్పుడు దేశమంతా రీకౌంటింగ్ తప్పదని. కానీ లెక్కలోకి వచ్చే ఓట్లు పెరిగేకొద్దీ ఫలితం వందల ఓట్ల మీద వేలాడే అవకాశం తగ్గుతుంది. 2000లో అధ్యక్ష అభ్యర్థి గోర్ దేశంలో అయిదు లక్షలకు పైగా ఓట్లతో ముందున్నారు. ఫ్లోరిడాలో 537 ఓట్లతో వెనకబడి పదవి పోగొట్టుకున్నారు. వ్యాజ్యం సుప్రీంకోర్టుకెక్కింది ఆ 537 మీదే.

మార్గం లేకపోలేదు. దేశంలో ఎక్కువ ఓట్లు వచ్చినవారికే తమ ఎలక్టర్లను ఇస్తామని 2024 నాటికి 17 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ చట్టాలు చేశాయి. వాటి బలం 209. ఆ ఒప్పందం అమల్లోకి రావాలంటే ఆ బలం మెజారిటీ అయిన 270కి చేరాలి. చేరినవన్నీ డెమొక్రాట్ల వైపు మొగ్గేవే కావడం దాని బలహీనత. ఏ పార్టీ సొత్తూ కాని స్వింగ్ రాష్ట్రాలు కలిస్తేనే దానికి నమ్మకం, బలం. చేతిలో ఉన్న పలుకుబడిని పెన్సిల్వేనియా ఎందుకు వదులుకుంటుందన్న ప్రశ్న సహజం. ఫ్లోరిడా, ఒహాయో కూడా ఒకప్పుడు దేశాన్ని శాసించినవే. 2024లో ట్రంప్ ఫ్లోరిడాను 13 శాతం తేడాతో గెలిచారు. అక్కడ గట్టి పోటీయే లేదు. స్వింగ్ హోదా ఎవరికీ శాశ్వతం కాదు. అది చేజారాక సంస్కరణ అడిగితే వినే నాథుడుండడు. బేరమాడే సత్తా ఉండగానే పెన్సిల్వేనియా అడగడం దేశానికే కాదు, దానికీ లాభమే.