పాత జీపీఎస్‌ని పారేసే ముందు ప్లాటర్ వెనక్కి ఓసారి చూడండి

రెండేళ్లకోసారి ఫోన్ మార్చేసే మనకి ఇరవై ఏళ్ల నాటి జీపీఎస్ ఇంకా పనిచేస్తోందంటే నమ్మబుద్ధి కాదు. కాకినాడలో నా బీటెక్ ఫ్రెండ్ వాళ్ల నాన్నగారి చేపల బోటులో అలాంటిదే ఒకటి ఉంది. ఈమధ్య కొత్త చార్ట్‌ప్లాటర్ కొన్నారు. షాపతను మాత్రం "పాత సెన్సర్ దీనికి కలవదు, కొత్తది తీసుకోండి" అన్నాడట. ఫ్రెండ్ దాన్ని సికింద్రాబాద్‌లో నా రూమ్‌కి పట్టుకొచ్చాడు.

డాబా మీద పెట్టి, 12 వోల్టులు ఇచ్చి, సీరియల్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపాను. బాడ్ రేట్ 4800 పెట్టగానే స్క్రీన్ మీద వరుసగా టెక్స్ట్ లైన్లు వచ్చాయి. అక్షాంశం, రేఖాంశం, వేగం, అన్నీ మామూలుగా చదువుకోవచ్చు. ఇదే 1983లో వచ్చిన ఎన్‌ఎంఈఏ 0183.

కొత్త ప్లాటర్ భాష వేరు. ఎన్‌ఎంఈఏ 2000 అంటారు. కార్లలో ఉండే క్యాన్ బస్ మీదే, సెకనుకు 250 కిలోబిట్ల వేగంతో నడుస్తుంది. అందుకే వైర్లు ముడేస్తే సరిపోదు, మధ్యలో దుబాసీలా ఒక కన్వర్టర్ కావాలి. అది ఆర్‌ఎంసీ, జీజీఏ లైన్లు చదివి 129025, 129029 నంబర్ల మెసేజ్‌లుగా మార్చి పంపుతుంది. బస్ రెండు చివర్లా 120 ఓమ్‌ల టెర్మినేటర్లు మర్చిపోవద్దు. కొన్ని ప్లాటర్ల వెనక 0183 ఇన్‌పుట్ ఇంకా ఉంటుంది. అలాంటప్పుడు కన్వర్టర్ కూడా అక్కర్లేదు.

అలాగని షాపతను చెప్పింది పూర్తిగా తప్పు కాదు. మా సెన్సర్ పొజిషన్ కరెక్ట్‌గా చూపించింది, తేదీ మాత్రం దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి! జీపీఎస్ పాత సిగ్నల్‌లో వారాల లెక్కకి 10 బిట్లే ఉన్నాయి. 1024 వారాలకోసారి మళ్లీ సున్నాకి వస్తుంది. చివరిసారి అలా జరిగింది 2019 ఏప్రిల్‌లో. అదీగాక సెన్సర్ సెకనుకి ఒక్కసారే పొజిషన్ ఇస్తుంటే, కన్వర్టర్ ఎంత వేగంగా పంపినా కొత్త సమాచారం పుట్టదు. ఆటోపైలట్ లాంటివాటికి అది చాలకపోవచ్చు.

సముద్రంలో ఇవి చిన్న విషయాలు కావు. మన హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ చేపలు దొరికే అవకాశమున్న చోట్లని అక్షాంశ రేఖాంశాలతో సహా మత్స్యకారులకి చెబుతుంది. బోటులో పొజిషన్ తప్పయితే ఆ సమాచారం, పోసిన డీజిల్ రెండూ వృథా. ఒడ్డుకి తిరిగొచ్చే దారి కూడా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

అందుకే నా అభిప్రాయం ఇది. బోటుకి ఒక్క జీపీఎస్సే ఉంటే కొత్తది కొనండి, అక్కడ పొదుపు వద్దు. కానీ పాతదాన్ని స్క్రాప్‌కి వేయకండి. వేరే ఫ్యూజ్, వేరే వైరింగ్‌తో రెండోదిగా ఉంచండి. అంకుల్‌కి కూడా ఇదే చెప్పాను. కొత్తది ప్లాటర్‌కి కలిపారు, పాతది కన్వర్టర్ ద్వారా స్టాండ్‌బైలో ఉంది. తేదీ కోసం మాత్రం దాన్ని నమ్మొద్దని పైన స్టిక్కర్ వేశాం.